పిల్లలకు విటమిన్ ఏ: నర్సమ్మ పోసే సిరప్పా, ఆకుకూర పప్పా, మందుల షాపు చుక్కలా?

ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో విటమిన్ ఏ గురించి తలా ఒక మాట చెప్తారు. టీకాల రోజు నర్సమ్మ పసుపుపచ్చని నూనె మందు చెంచాతో నోట్లో పోస్తుంది. "మునగాకు పెడుతుంటే ఆ మందులెందుకు?" అని అమ్మమ్మ అంటుంది. పాల ప్యాకెట్ మీదా, నూనె ప్యాకెట్ మీదా విటమిన్ ఏ కలిపామని రాసి ఉంటుంది. మందుల షాపుకెళ్తే మల్టీవిటమిన్ చుక్కలు, గమ్మీలు, కాడ్ లివర్ ఆయిల్ (చేప కాలేయం నూనె) గోలీలు కనబడతాయి. తల్లిదండ్రులకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. అన్నీ ఇస్తే మోతాదు మించుతుందేమో, ఏదైనా మానేస్తే బిడ్డకు లోటు అవుతుందేమో అని.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఆరు నెలలకోసారి ఉచితంగా ఇచ్చే సిరప్ వదలొద్దు. రోజువారీ తిండి మీద అంతకంటే ఎక్కువ శ్రద్ధ పెట్టండి. షాపులో దొరికే విటమిన్ ఏ మందులు డాక్టర్ చెప్పకుండా కొనొద్దు. అయితే అందరి ఇళ్లూ ఒకలా ఉండవు. ఏ ఇంట్లో ఏది ముందు రావాలో తేల్చుకోవాలంటే కొన్ని లెక్కలు తెలియాలి.

## దేన్ని బట్టి పోల్చాలి

ధర గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. సిరప్ ఉచితం, ఆకుకూర చౌక. అసలు చూడాల్సినవి నాలుగు.

ఒకటి, బిడ్డ ఒంట్లోకి నిజంగా ఎంత చేరుతుంది, ఎన్నాళ్లు ఉంటుంది. విటమిన్ ఏ కొవ్వులో కరిగే విటమిన్. ఒంట్లోకి చేరాక ఎక్కువ భాగం కాలేయంలో నిల్వ ఉండి, అవసరాన్ని బట్టి బయటికొస్తుంది. రోజూ తినకపోయినా కొన్నాళ్లు గడిచేది ఈ నిల్వ వల్లే.

రెండు, మోతాదు మించే ప్రమాదం. సి విటమిన్ ఎక్కువైతే మూత్రంలో పోతుంది. విటమిన్ ఏ అలా పోదు, పేరుకుంటుంది. పోలికలో అన్నిటికన్నా బరువైన అంశం నా దృష్టిలో ఇదే.

మూడు, క్రమం తప్పకుండా అందుతుందా లేదా. ఎంత మంచి తిండయినా బిడ్డ తినకపోతే లాభం లేదు. ఎంత మంచి సిరప్ అయినా ఆ రోజు మీరు ఊళ్లో లేకపోతే అందదు.

నాలుగు, దాంతోపాటు ఇంకేం వస్తుంది. పప్పుకూరతో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, మాంసకృత్తులు కూడా వస్తాయి. సిరప్‌తో వచ్చేది ఒక్క విటమిన్ ఏ మాత్రమే.

ఇంకొక్క లెక్క చెప్పి ముందుకెళ్తాను, మిగతా అంతా దీని మీదే ఆధారపడుతుంది. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) కలిసి 2020లో చెప్పిన ప్రకారం 1 నుంచి 3 ఏళ్ల బిడ్డకు రోజుకు 390 మైక్రోగ్రాముల విటమిన్ ఏ సిఫారసు. 4 నుంచి 6 ఏళ్ల వాళ్లకు 510. రోజూ తీసుకునే మోతాదు దాటకూడని హద్దు 1–3 ఏళ్లకు 600, 4–6 ఏళ్లకు 900. మందు సీసాల మీద మాత్రం చాలాసార్లు "ఐయూ" అని యూనిట్లలో రాస్తారు. ఒక యూనిట్ అంటే 0.3 మైక్రోగ్రాములు. వెయ్యి యూనిట్లు అంటే 300 మైక్రోగ్రాములు. ఈ ఒక్క మార్పిడి గుర్తుంటే ఏ సీసా అయినా మీరే చదువుకోవచ్చు.

## ఆరు నెలల సిరప్

ఇది మన హైదరాబాద్‌తో ముడిపడిన కథ. 1960లలో విటమిన్ ఏ లోపంతో పిల్లల కళ్లు పోవడం దేశంలో పెద్ద సమస్య. కాలేయం ఈ విటమిన్‌ను నిల్వ చేసుకోగలదు కాబట్టి ఒకేసారి పెద్ద మోతాదు ఇస్తే నెలల తరబడి కాపాడుతుందా అని తార్నాకలోని ఎన్‌ఐఎన్ శాస్త్రవేత్తలు పిల్లల మీద పరీక్షించి చూశారు. ఆ పని ఆధారంగానే 1970లో కేంద్ర ప్రభుత్వం పోషకాహార లోపం వల్ల వచ్చే అంధత్వాన్ని ఆపడానికి జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది.

ఇప్పటి పద్ధతి ఇది. 9 నెలలు నిండాక మొదటి ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాతో పాటు లక్ష యూనిట్లు, అంటే 1 మి.లీ. తర్వాత 16–18 నెలల్లో టీకాలప్పుడు 2 లక్షల యూనిట్లు, అంటే 2 మి.లీ. అక్కడి నుంచి ఆరు నెలలకోసారి 2 మి.లీ. చొప్పున ఐదేళ్లు నిండే దాకా. మొత్తం 9 డోసులు, 17 లక్షల యూనిట్లు.

లక్షల్లో అంకెలు చూసి భయపడేవాళ్లున్నారు. 2 లక్షల యూనిట్లంటే 60,000 మైక్రోగ్రాములు. రోజుకు 390 చొప్పున భాగిస్తే 150 రోజుల పైచిలుకు వస్తుంది. లోపలికెళ్లిందంతా నిల్వ ఉండదు, కొంత విసర్జన అవుతుంది. అందుకే ఈ డోసు నాలుగు నుంచి ఆరు నెలలు ఆసరాగా ఉంటుందని లెక్క వేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా లోపం ఎక్కువగా ఉన్న దేశాల్లో 6–11 నెలల పిల్లలకు లక్ష యూనిట్లు ఒకసారి, ఏడాది దాటినవాళ్లకు 4–6 నెలలకోసారి 2 లక్షలు ఇవ్వమంటుంది.

మీరు అక్కడ కళ్లారా చూడాల్సింది చెంచా. సీసాతో వచ్చే చెంచాలో నిండా పోస్తే 2 మి.లీ., సగం గీత దాకా పోస్తే 1 మి.లీ. తొమ్మిది నెలల బిడ్డకు సగం గీతే. ఇంట్లో వాడే టీస్పూన్ 5 మి.లీ. పడుతుంది, దానితో పోయడం అంటే మోతాదు రెండింతలు దాటినట్టు. 2001 నవంబరులో అస్సాంలో ఈ మందు పంపిణీ తర్వాత వందల మంది పిల్లలు అస్వస్థత పాలైనప్పుడు, అంతకుముందు వాడే 2 మి.లీ. చెంచా బదులు 5 మి.లీ. కప్పులు వాడటం మీద పెద్ద చర్చే జరిగింది. చెంచా గురించి అడగడం నర్సమ్మను అనుమానించడం కాదు. "ఇది రెండు మి.లీ. చెంచానే కదమ్మా?" అని మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. సీసా తెరిచాక ఎనిమిది వారాల్లోపు వాడెయ్యాలి, ఎండ తగలకుండా ఉంచాలి. తెరిచిన తేదీ సీసా మీద రాసి ఉందేమో చూడండి.

మందు తాగాక కొందరు పిల్లలకు వాంతి, తలనొప్పి, చిరాకు రావచ్చు. పసిబిడ్డల్లో నడినెత్తిన మాడు కాస్త ఉబ్బినట్టు కనిపించవచ్చు. సరైన మోతాదులో ఇచ్చినప్పుడు ఇవి ఒకటి రెండు రోజుల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. తగ్గకపోయినా, బిడ్డ మగతగా ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక అసలు వాదన. ఈ సిరప్ నిజంగా ప్రాణాలు కాపాడుతుందా? ఇక్కడ నిజాలు అన్నీ ఒకే వైపు చూపించవు. ఇండోనేషియాలోని ఆచే ప్రాంతంలో అమెరికా కంటి డాక్టర్ అల్‌ఫ్రెడ్ సోమర్ బృందం 1986లో ప్రచురించిన అధ్యయనంలో పెద్ద డోసు అందిన ఊళ్లలో పిల్లల మరణాలు 34 శాతం తగ్గాయి. 1990లో తమిళనాడు నుంచి వచ్చిన అధ్యయనంలో 54 శాతం తగ్గాయి. అదే ఏడాది హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఎన్‌ఐఎన్ చేసిన అధ్యయనంలో మాత్రం తేడా ఏమీ కనిపించలేదు. ఉత్తరప్రదేశ్‌లో దాదాపు పది లక్షల మంది పిల్లలతో జరిగిన భారీ అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి, అందులోనూ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ప్రపంచంలోని అధ్యయనాలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2017లో మరణాల్లో 12 శాతం తగ్గుదల ఉందని చెప్పింది.

వీటిలో నన్ను ఎప్పుడూ ఆపేది తమిళనాడు, హైదరాబాద్ అధ్యయనాల మధ్య తేడా. హైదరాబాద్‌లో ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్లు ఇచ్చారు. తమిళనాడులో వారం వారం చిన్న మోతాదు, 8,333 యూనిట్లు ఇచ్చారు. అంటే వారానికి 2,500 మైక్రోగ్రాములు, రోజుకు 357. ఒక చిన్న బిడ్డ మంచి తిండి తింటే రోజూ దొరికే మోతాదుకు ఇది చాలా దగ్గర. రెండు చోట్లా పిల్లల పరిస్థితులు వేరు కాబట్టి ఈ రెండింటినే పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేయలేం. కానీ కొద్దికొద్దిగా, తరచుగా అందడానికి ఉన్న బలం ఏమిటో అక్కడ కనిపిస్తుందని నేను నమ్ముతాను. ఎన్‌ఐఎన్ డైరెక్టర్‌గా ఈ కార్యక్రమం పుట్టుకను దగ్గరుండి చూసిన డాక్టర్ సి. గోపాలన్ కూడా తర్వాతి కాలంలో అందరికీ పెద్ద డోసులు పోసుకుంటూ పోవడాన్ని గట్టిగా వ్యతిరేకించారు. తిండిలోనే పరిష్కారం వెతకాలని వాదించారు.

మరి సిరప్ ఎందుకు వదలొద్దంటున్నాను? దేశవ్యాప్తంగా 2016–18లో జరిగిన పోషకాహార సర్వేలో 1–4 ఏళ్ల పిల్లల్లో 17.6 శాతం మందికి రక్తంలో విటమిన్ ఏ తక్కువగా ఉందని తేలింది. ఆరుగురిలో ఒకరు. ఆ ఒకరు మీ బిడ్డ అవునో కాదో ముఖం చూసి చెప్పలేం, రక్తపరీక్ష అందరికీ చేయించలేం. సరైన చెంచాతో, సరైన ఎడంతో ఇస్తే హాని దాదాపు లేదు. లాభం కొందరికే ఉన్నా అది చాలా పెద్ద లాభం. ముఖ్యంగా తట్టు, విరేచనాలు ముంచుకొచ్చినప్పుడు నిల్వ ఉన్న బిడ్డ తట్టుకుంటుంది.

## వంటిల్లు

తిండిలో విటమిన్ ఏ రెండు రూపాల్లో దొరుకుతుంది. గుడ్డు, పాలు, నెయ్యి, చేపలు, కార్జంలో తయారుగా ఉంటుంది. ఆకుకూరలు, పసుపు, నారింజ రంగు పండ్లు, కూరగాయల్లో బీటా కెరోటిన్‌గా ఉంటుంది, దాన్ని శరీరం విటమిన్ ఏగా మార్చుకోవాలి. ఈ మార్పిడిలో చాలా భాగం పోతుంది. కఠినంగా లెక్కేస్తే 12 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్‌కు 1 మైక్రోగ్రాము విటమిన్ ఏ.

అంత పోయినా మునగాకు ముందు మిగతావి నిలవవు. వంద గ్రాముల పచ్చి మునగాకులో బీటా కెరోటిన్ 15,000 మైక్రోగ్రాములకు పైనే. ఒక పిల్లకు పెట్టే పప్పులో పది గ్రాముల ఆకు పడిందనుకోండి, 1,500 వచ్చినట్టు. పన్నెండుతో భాగిస్తే 125. రోజుకు కావాల్సిన 390లో దాదాపు మూడో వంతు ఒక్క గుప్పెడు ఆకుతో వస్తుంది. ఆషాఢంలో మునగాకు తినాలన్న ఆనవాయితీ మన ఇళ్లలో ఉంది. దాన్ని ఏడాది పొడుగునా పాటించొచ్చు, పెరట్లో చెట్టుంటే డబ్బు ఖర్చు కూడా లేదు. చేదు అని పిల్లలు తినకపోతే పెసరపప్పులో మెత్తగా ఉడికించి, మెదిపి, నెయ్యి వేసి కలపండి. దోసె పిండిలో సన్నగా తరిగి వేసినా గుర్తుపట్టరు.

నెయ్యి రుచి కోసమే అనుకోవద్దు. కొవ్వు లేకుండా ఈ విటమిన్ పేగుల్లో సరిగా ఇంకదు. నూనె చుక్క లేకుండా ఉడకబెట్టిన క్యారెట్ ముక్కలు పెట్టి పోషణ అయిపోయిందనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి. పిల్లల గిన్నెలో ఒక చెంచా నెయ్యో, నూనో ఉండాలి. ఇంకోటి, ఆకును ఎండలో ఎండబెట్టి పొడి చేస్తే కెరోటిన్ బాగా పోతుంది. కారప్పొడి చేసుకోవాలంటే నీడలో ఆరబెట్టండి.

తోటకూర, మెంతికూర, పాలకూర, తియ్య గుమ్మడి, క్యారెట్, బొప్పాయి, ఎండాకాలంలో మామిడిపండు, అన్నీ మంచివే. చిలగడదుంపల్లో లోపల నారింజ రంగులో ఉండే రకమైతేనే ఈ విటమిన్ ఎక్కువ, తెల్లగా ఉండే రకంలో పెద్దగా లేదు.

మాంసాహారులకు పని తేలిక. ఒక గుడ్డులో 70 నుంచి 100 మైక్రోగ్రాముల వరకు ఉంటుంది, అదీ తయారు రూపంలో. మేక కార్జం పది గ్రాముల్లోనే ఏడు వందల దాకా ఉంటుంది, అంటే బిడ్డకు ఒక రోజు అవసరం కంటే ఎక్కువ. వారానికోసారి ఒకటి రెండు చిన్న ముక్కలు చాలు, రోజూ పెట్టకూడదు.

తిండిలో ఉన్న పెద్ద భద్రత ఏమిటంటే, ఆకుకూరలు, కూరగాయల ద్వారా వచ్చే కెరోటిన్‌తో విషప్రభావం రాదు. శరీరం తనకు కావాల్సినంతే మార్చుకుంటుంది. క్యారెట్లు విపరీతంగా తింటే అరచేతులు పసుపు తిరగవచ్చు. కళ్లు తెల్లగానే ఉంటే అది పచ్చకామెర్లు కాదు, క్యారెట్లు తగ్గిస్తే పోతుంది.

తిండితో వచ్చే ఇబ్బంది కూడా చెప్పాలి. ఏడాది, రెండేళ్ల వయసులో పిల్లలు తిండి దగ్గర పెట్టే పేచీ తెలియనిది కాదు. జ్వరం, విరేచనాలు పట్టుకుంటే వారం పది రోజులు ఏమీ తినరు, తిన్నది ఒంటికి పట్టదు. కడుపులో నులిపురుగులుంటే అదే కథ. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర అందుకే మానొద్దు. ఈ తిండి లేని రోజుల్లో బిడ్డను నడిపించేది కాలేయంలోని నిల్వ, ఆ నిల్వకు ఆరు నెలల సిరప్ ఒక ఆధారం.

ఆరు నెలల్లోపు బిడ్డకైతే ఈ ఎంపికలేవీ వద్దు. ముర్రుపాలలో విటమిన్ ఏ పుష్కలం, ఆ తర్వాత తల్లిపాలే చాలు. అప్పుడే పుట్టిన బిడ్డకు పెద్ద డోసు ఇవ్వడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయదు.

## విటమిన్ కలిపిన పాలు, నూనె, బాలామృతం

నీలం రంగు "+ఎఫ్" గుర్తున్న పాల ప్యాకెట్‌లో లీటరుకు 270 నుంచి 450 మైక్రోగ్రాముల విటమిన్ ఏ ఉండాలని ఆహార భద్రతా సంస్థ నిబంధన. రెండొందల మి.లీ. గ్లాసుకు 54 నుంచి 90. నూనెలో గ్రాముకు 6 నుంచి 9.9. పది గ్రాముల నూనెకు 60 నుంచి 99 వస్తుంది కానీ వేపుళ్లలో కొంత, ఎండ తగిలే చోట పెట్టిన ప్యాకెట్లలో కొంత పోతుంది. వెన్న తీసిన పాలలో సహజంగా ఉన్న విటమిన్ ఏ కూడా వెన్నతో పాటే పోతుంది కాబట్టి, అలాంటి పాలు కొనేవాళ్లు ఈ గుర్తు చూసుకోవడం మంచిది. విడి నూనె కొనేవాళ్లకు ఈ లాభం లేదు.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం, గుడ్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. బాలామృతం బిడ్డ కోసమే. ఇంటిల్లిపాదీ లడ్డూలు చేసుకుని తింటే బిడ్డ వాటా పోయినట్టే. గుడ్లూ అంతే.

రేషన్‌లో వచ్చే పోషక బియ్యంతో విటమిన్ ఏ కూడా అందుతుందని చాలామంది అనుకుంటారు. అందులో కలిపేది ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12. విటమిన్ ఏ లేదు.

ఈ దారిలో మోతాదు మించే భయం తక్కువ, చేసే శ్రమ కూడా ఏమీ లేదు. అయితే దీన్నే నమ్ముకుని కూర్చుంటే చాలదు. రోజుకు రెండు గ్లాసుల పాలు తాగినా అవసరంలో సగం కూడా నిండదు.

## మందుల షాపు చుక్కలు, గమ్మీలు, చేప నూనె

ఇక్కడ నేను మొహమాటం లేకుండా చెప్తాను. డాక్టర్ రాయకుండా కొనొద్దు.

మీ ఇంట్లో ఉన్న మల్టీవిటమిన్ సీసా తిప్పి చూడండి. మి.లీ.కి 2,000 ఐయూ అని ఉందనుకుందాం. అంటే 600 మైక్రోగ్రాములు. రెండేళ్ల బిడ్డకు రోజువారీ హద్దు అక్కడితోనే నిండిపోయింది. దాని మీద పాలు, గుడ్డు, సాయంత్రం ఒక గమ్మీ. గమ్మీ చాక్లెట్‌లా ఉంటుంది కాబట్టి బిడ్డ రెండోది, మూడోది అడుగుతుంది, తాతయ్య కాదనలేడు. ఇలా నెలల తరబడి సాగితే ఆకలి తగ్గడం, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, ఎముకల నొప్పులు, కాలేయం దెబ్బతినడం దాకా పోవచ్చు. ఈ లక్షణాలు చూసి "విటమిన్లు తక్కువయ్యాయి" అని మోతాదు పెంచేవాళ్లు కూడా ఉంటారు, నాకు భయమంతా అక్కడే.

ఇది పేదరికంలో వచ్చే సమస్య కాదు, శ్రద్ధ ఎక్కువైన ఇళ్లలో వచ్చే సమస్య. 2025లో అమెరికాలోని టెక్సాస్‌లో తట్టు వ్యాపించినప్పుడు, తట్టుకు మందని కాడ్ లివర్ ఆయిల్, విటమిన్ ఏ సొంతంగా తాగించిన కొందరు పిల్లలకు కాలేయ పరీక్షల్లో తేడాలు కనిపించాయి. అక్కడున్న మన తెలుగు కుటుంబాలు కూడా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. తట్టును ఆపేది టీకా. విటమిన్ ఏ తట్టు వచ్చాక డాక్టర్ల చేతుల్లో ఉండాల్సిన మందు.

షాపులో 25,000, 50,000 యూనిట్ల గోలీలు కూడా దొరుకుతాయి. "సెంటర్‌లో డోసు మిస్సయింది, ఇది వేసేద్దాం" అని ఇంట్లోనే వేయడం ఎప్పుడూ చేయకూడని పని. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ గోలీలు అసలు అందుబాటులోనే ఉండకూడదు. పెద్ద మోతాదు విటమిన్ ఏ కడుపులోని బిడ్డకు అవయవ లోపాలు తెచ్చిపెట్టవచ్చు.

మరి ఎవరికి అవసరం? నెలలు నిండక పుట్టిన పిల్లలు, కాలేయ, పేగు జబ్బులతో కొవ్వు ఒంటికి పట్టని పిల్లలు, కొన్ని దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లు. వాళ్లకు ఎంత, ఎన్నాళ్లు అన్నది పిల్లల డాక్టరే చెప్తారు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | ఆరు నెలల సిరప్ | ఇంటి తిండి | విటమిన్ కలిపిన పాలు, నూనె | షాపు చుక్కలు, గమ్మీలు |
|---|---|---|---|---|
| ఎంత అందుతుంది | ఒకేసారి 60,000 మై.గ్రా. (2 మి.లీ.) | రోజూ కొంత, తిన్నదాన్ని బట్టి | రోజూ కొద్దిగా | సీసాను బట్టి మారుతుంది |
| ఎన్నాళ్లు కాపాడుతుంది | 4–6 నెలలు | తిన్నన్నాళ్లూ | వాడినన్నాళ్లూ | వాడినన్నాళ్లూ |
| మోతాదు మించే ప్రమాదం | చెంచా, ఎడం సరిగ్గా ఉంటే చాలా తక్కువ | కూరగాయలతో లేదు, కార్జంతో కాస్త జాగ్రత్త | చాలా తక్కువ | అన్నిటికన్నా ఎక్కువ |
| మిగతా పోషకాలు | లేవు | చాలా | పాలతో వచ్చేవి | కొన్ని |
| ఎక్కడ తప్పుతుంది | డోసు రోజు ఊళ్లో లేకపోతే | బిడ్డ తినకపోతే, జబ్బుపడితే | విడి నూనె కొంటే | తల్లిదండ్రులు లెక్క మరిచిపోతే |

## మీ ఇల్లు ఎలాంటిది?

పనుల కోసం ఊళ్లు మారే కుటుంబాలకు సిరప్‌ను మించినది లేదు. ఇటుక బట్టీలకు, మిర్చి కోతలకు వెళ్లినప్పుడు పిల్లల తిండి ఎలా సాగుతుందో అందరికీ తెలుసు. తల్లీబిడ్డల కార్డు వెంట ఉంచుకుని, వెళ్లిన చోట దగ్గర్లోని అంగన్‌వాడీలోనో, సబ్‌సెంటర్‌లోనో చూపించండి. సొంతూరు కాకపోయినా డోసు అడిగే హక్కు మీ బిడ్డకు ఉంది.

పల్లెలో స్థిరంగా ఉండి, పెరట్లో నాలుగు ఆకుకూర మళ్లున్న ఇంటికి సిరప్, మునగాకు, అంగన్‌వాడీ గుడ్డు చాలు. ఇంకేమీ కొనక్కర్లేదు.

నగరాల్లో ప్రైవేటు క్లినిక్‌లో టీకాలు వేయించుకునే ఇళ్లలో వేరే చిక్కు. అక్కడ ఎంఆర్ బదులు ఎంఎంఆర్ (గవదబిళ్లలకు కూడా కలిపిన) టీకా వేయించుకొస్తారు, ఈ సిరప్ మాట ఎవరికీ గుర్తుండకపోవచ్చు. డాక్టర్‌ను మీరే అడగండి, లేదా దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో, బస్తీ దవాఖానాలో అడగండి. పాలు, గుడ్లు, పండ్లు రోజూ తింటూ ఎత్తు, బరువు సరిగ్గా పెరుగుతున్న బిడ్డకు ప్రతి డోసూ అంత తప్పనిసరా అన్న చర్చ నిపుణుల్లో ఉంది. హైదరాబాద్ శాస్త్రవేత్తల్లో కూడా లోపం ఎక్కువున్న చోటే ఇవ్వాలనేవాళ్లున్నారు. విధానం మారేదాకా నేనైతే ఇప్పించమనే అంటాను. కానీ బిడ్డ ఇప్పటికే విటమిన్ ఏ ఉన్న మల్టీవిటమిన్ రోజూ తాగుతుంటే, డోసుకు ముందు ఆ సీసా తీసుకెళ్లి చూపించండి. రెంటిలో ఒకటి ఆపాల్సి వస్తే ఆపాల్సింది సీసానే.

గుడ్డు కూడా తినని శాకాహార కుటుంబాల్లో బరువంతా ఆకుకూర, పాలు, నెయ్యి మీదే పడుతుంది. రోజుకో పూట రంగున్న కూర తప్పకుండా ఉండాలి. పప్పు, చారు, పెరుగన్నంతో గడిచే ఇళ్లలో పిల్లలకు ఈ విటమిన్ తెలియకుండానే తగ్గుతుంది.

తల్లిదండ్రులు విదేశాల్లో ఉండి, సెలవులకు పిల్లల్ని తీసుకొచ్చినప్పుడు "ఇక్కడ వేస్తున్నారు కదా, మా పిల్లకూ వేయిద్దామా?" అని అడుగుతుంటారు. అమెరికా, ఇంగ్లండ్ లాంటి చోట్ల ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఈ పెద్ద డోసులు ఇవ్వరు. అక్కడి తిండి, పాలలోనే అందుతుంది. నెల రోజుల సెలవు కోసం అవసరం లేదు. ఏళ్ల తరబడి ఇక్కడే అమ్మమ్మ దగ్గర ఉండిపోయే బిడ్డయితే ఇక్కడి కార్డు ప్రకారమే సాగాలి.

## ఎంచుకునే పని లేని సందర్భాలు

సాయంత్రం చీకటి పడగానే బిడ్డ వస్తువులకు తగిలి పడిపోతుంటే, కంచంలో అన్నం తడుముకుంటుంటే అది రేచీకటి కావచ్చు. తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చ, కన్ను తడి లేకుండా ముడతలు పడినట్టు ఉండటం, నల్లగుడ్డు మసకబారడం కనిపిస్తే అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లాలి. ఆకుకూరలు పెట్టి చూద్దామని ఆగకూడదు, కొద్ది రోజుల్లోనే చూపు పోవచ్చు. తట్టు వచ్చినా, బాగా చిక్కిపోయినా ఆసుపత్రిలో విటమిన్ ఏ వేరే పద్ధతిలో ఇస్తారు. చివరి డోసు ఎప్పుడు వేయించారో కార్డు చూపించి చెప్పండి.

డోసు తప్పిపోతే కంగారు పడక్కర్లేదు. గుర్తొచ్చిన వెంటనే సెంటర్‌కు వెళ్లి ఒక్క డోసు వేయించండి, అక్కడి నుంచి మళ్లీ ఆరు నెలలు లెక్కేసుకోండి. పోయినదానికి కలిపి రెండు డోసులు ఒకేసారి వేయించకూడదు. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. వారానికి రెండుసార్లు 1 మి.లీ. చొప్పున ఇంట్లో వేయమని ఇచ్చే చిన్న సీసా ఐరన్ సిరప్, అది వేరు. విటమిన్ ఏ సీసా ఇంటికి ఇవ్వరు, నర్సమ్మ తన చేత్తోనే పోసి కార్డులో తేదీ వేస్తుంది. తేదీ వేయడం ఆమె మరిచిపోతే అక్కడే అడిగి వేయించుకోండి. వచ్చే డోసు ఎప్పుడో తెలిసేది ఆ తేదీని బట్టే.